అంకమ్మ చెప్పిన నంబరు

ఆడపిల్లల హాస్టల్ వంటింట్లో, గుండిగలో సాంబారు కుతకుత ఉడుకుతుంటే దించబోయి అంకమ్మ మోచేతి దాకా ఒలకబోసుకుంది. పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న ఆవిడ కెవ్వుమంది. అంకమ్మ మాత్రం చెయ్యి కుళాయి కింద పెట్టి, కొంగుతో అద్దుకుని, "ఏం కాలా, పర్లేదు," అని మళ్ళీ గరిటె అందుకుంది. సాయంత్రానికి చర్మం బొబ్బలెక్కి ఊడొచ్చింది. వార్డెన్ మేడం చూసి ఆస్పత్రికి పొమ్మంటే దానికీ అదే జవాబు. పర్లేదట.

ఆ మాట ఆమెకి చిన్నప్పుడే అంటుకుంది. తల్లి పోయిన రోజు పన్నెండేళ్ళ పిల్ల, నాలుగేళ్ళ తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలో కూర్చుని, వచ్చిపోయేవాళ్ళందరికీ పర్లేదు, పర్లేదు అని తనే ధైర్యం చెప్పింది. మొగుడు వేరే ఊళ్ళో ఇంకో కాపురం పెట్టినప్పుడూ అంతే. అయినా ఆమెనని ఏం లాభం? ఈ మాట అనని ఆడమనిషి ఏ ఇంట్లో ఉంది చెప్పండి! ఒళ్ళు కాలిపోతున్నా పర్లేదే, కడుపులో మెతుకు లేకపోయినా పర్లేదే. వినీ వినీ మనకది మాటలాగా కూడా వినపడదు. ఒక యంత్రం ఆ మాటని నిజమని నమ్మితే ఏమవుతుందో మాత్రం అప్పటిదాకా ఎవరూ ఆలోచించలేదు.

తమ్ముడి పేరు మాలకొండయ్య. ఒంగోలు అవతల నల్లరాతి క్వారీలో రాయి కోసే మిషను మీద పని. ఆరేళ్ళ కింద బండ ఒకటి పక్కకి ఒరిగి కుడి తొడ ఎముక మూడు ముక్కలయింది. రాడ్లు వేశారు, నొప్పికి బిళ్ళలు రాశారు. నల్లమందు జాతివి, గట్టి బిళ్ళలు. పది రోజులకని రాసిన చీటీ అది. పది రోజులూ అయిపోయాయి, చీటీ నలిగి చిరిగిపోయింది, మందుల షాపువాళ్ళు చీటీ అడగడం కూడా మానేశారు. మొదట్లో నొప్పి తగ్గాలని మింగాడు. తర్వాత నొప్పి లేకపోయినా మింగాడు, మింగకపోతే ఒళ్ళు చేసే గొడవకి భయపడి. ఒకటి రెండయింది, రెండు నాలుగయింది, చివరికి ఒక్కసారికి ఎనిమిది. కాలు శుభ్రంగా అతుక్కుంది గానీ మనిషి మనిషిలా లేకుండా పోయాడు. పెళ్ళాం కూతుర్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

"మనసు గట్టి చేసుకుంటే మానలేవంట్రా?" అని అంకమ్మ రోజూ దులిపేసేది. "నీకేం తక్కువ చేశాన్రా నేను?" వాడు తల దించుకుని వినేవాడు.

ఒకసారి బాగుపడ్డాడు కూడా. సర్కారు ఆస్పత్రిలో నాలుక కింద పెట్టుకునే బిళ్ళ ఇచ్చారు. రోజూ పోయి, వాళ్ళ ముందే పెట్టుకోవాలి. వారానికోసారి ఒకాయన కూర్చోబెట్టి మాట్లాడేవాడు. నాలుగు నెలల్లో వాడి మొహంలో కళ వచ్చింది, అత్తారింటికి పోయి కూతుర్ని చూసొచ్చాడు. నమ్మకం కుదిరాక వారానికి సరిపడా బిళ్ళలు ఇంటికే ఇచ్చి పంపారు. అవి అంకమ్మ కంట్లో నలుసులయ్యాయి. "ఒక మత్తు మాని ఇంకో మత్తా? బతుకంతా బిళ్ళల మీదేనా? సిగ్గు లేదా?" అని అట్ట అట్టంతా తీసుకెళ్ళి కాలవలో పడేసింది. అక్క మాట మీద వాడు అవీ మానేశాడు. మూడు వారాలు పళ్ళు బిగబట్టుకుని తిరిగాడు. నాలుగో వారం ఒక మిట్టమధ్యాహ్నం బస్టాండు మరుగుదొడ్లో పెదాలు నీలంగా తిరిగి పడున్నాడు. అంబులెన్సు నర్సు ముక్కులో ఏదో మందు కొడితే ఊపిరి తిరిగొచ్చింది.

"పాత లెక్కన ఎనిమిదీ మింగాడమ్మా," అని ఆస్పత్రి డాక్టరు చెప్పాడు. "ఈ మూడు వారాల్లో ఒళ్ళు ఆ అలవాటు మర్చిపోయింది. చెయ్యి మాత్రం మర్చిపోలేదు."

ఆ బిళ్ళల అట్ట కాలవలో తేలుతూ పోవడం అంకమ్మకి చాలా రోజులు కళ్ళ ముందే మెదిలింది. ఎవరికీ చెప్పలేదు. వాడు కోలుకుని, నెల తిరక్కుండా మళ్ళీ పాత బిళ్ళల్లోనే పడ్డాడు.

హైమవతి డాక్టరు సంగతి హాస్టల్ వార్డెన్ చెప్పింది. బైపాస్ పక్కన పాత పొగాకు గోడౌన్ని బాగుచేసి పెట్టిన పరిశోధన కేంద్రం. ఎన్ని రంగులు వేసినా గోడలు ఇంకా పొగాకు వాసనే. డాక్టరు యాభై దాటిన మనిషి, పొట్టి జుట్టు, మెత్తటి మాట.

"మీకు రెండు దారులున్నాయి," అందావిడ. "ఒకటి పాతదే. నాలుక కింద బిళ్ళ, దాంతోపాటు వారం వారం మాట్లాడుకోవడం. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. బిళ్ళ మత్తు కాదు, మందు. నిజం చెప్పాలంటే నమ్మకమైన దారి అదే."

"బిళ్ళ వద్దమ్మా," అంది అంకమ్మ, తమ్ముడు నోరు తెరిచే లోపలే. "ఆ రెండోది చెప్పండి."

రెండోది చెప్పలేదు, చూపించింది. మాలకొండయ్య బిళ్ళ మింగి అప్పటికి పద్దెనిమిది గంటలయింది. మంచం మీద మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, ముక్కు కారుతూ, చేతుల మీద రోమాలన్నీ లేచి, దవడలు పట్టేసేలా ఆవులిస్తున్నాడు. జిలానీ అనే టెక్నీషియన్, గడ్డం నెరిసిన పెద్దమనిషి, వాడి తలకి బూడిదరంగు పట్టీ ఒకటి చుట్టాడు. అలాంటిదే ఇంకొకటి అంకమ్మ తలకి చుట్టాడు. మధ్యలో టిఫిన్ క్యారియరంత పెట్టె. దాన్ని అక్కడందరూ జోడుపట్టీ అంటారు.

"ఈ బాధంతా పుట్టేది బుర్రలోనే," అంది డాక్టరు. "అతని పట్టీ దాన్ని చదువుతుంది. మీ పట్టీ అందులో కొంత మీ బుర్రలోకి దింపుతుంది. మీలో ఎంత దిగితే అతనికి అంత తగ్గుతుంది. ఒకే తల్లి పిల్లలైతే బాగా పారుతుంది. జిలానీ, పది లెక్కపెట్టేంత సేపే."

జిలానీ మీట నొక్కాడు. అంకమ్మ ముక్కులోంచి నీళ్ళు కారాయి. కాళ్ళ ఎముకలు లోపల్నుంచి ఎవరో మెలిపెట్టినట్టయింది. కడుపులో దేవింది. అదే సమయంలో మంచం మీద తమ్ముడి భుజాలు మెల్లగా కిందికి దిగాయి. మోకాళ్ళు చాపుకున్నాడు. తల తిప్పి, "అక్కా," అన్నాడు. ఆరేళ్ళుగా ఆమె చూడని చూపు అది, తేటగా, నిదానంగా. చిన్నప్పుడు జ్వరం తగ్గి లేచినప్పుడు అట్టాగే చూసేవాడు. మీట ఆపగానే మళ్ళీ ముడుచుకుపోయాడు.

అంకమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "సంతకం ఎక్కడ పెట్టాలమ్మా?"

"ముందు నా మాట వినండి. ఎనిమిది రోజులు. గంటకోసారి జిలానీ అడుగుతాడు, బాధ సున్నా నుంచి పదిలో ఎంత అని. మీరు చెప్పిన నంబరే పెట్టెకి ఆధారం. రెండన్నారనుకోండి, ఇంకా మొయ్యగలరని ఇంకాస్త పంపుతుంది. అయిదు చెప్పారంటే వెనక్కి తగ్గిస్తుంది. మీ పట్టీకి బాధ దింపడమే వచ్చు, మీలో ఎంతుందో చదవడం రాదు. అందుకని నిజమే చెప్పాలి. చెప్తారా?"

"అబద్ధం చెప్పడానికి నాకేం పనమ్మా," అంది అంకమ్మ. ఆ క్షణాన అది నిజమే.

మొదటి రోజు సాయంత్రం ఆమె నిజమే చెప్పింది. అద్దం గోడకి ఇవతల ఆమె మంచం, అవతల తమ్ముడిది. జిలానీ అడిగితే, "అయిదుండొచ్చన్నా," అంది. జిలానీ అయిదు నొక్కాడు. ఒంట్లో మంట తగ్గి హాయిగా అనిపించేలోపే అద్దం అవతల మాలకొండయ్య కేక పెట్టాడు. మంచం పట్టెకి తల బాదుకుంటున్నాడు. వాంతి చేసుకుని అందులోనే పొర్లుతున్నాడు. నర్సులిద్దరు పట్టుకున్నా ఆగట్లేదు.

"అన్నా, నాకు తగ్గింది," అని అంకమ్మ లేచి కూర్చుంది. "ఇప్పుడు రెండే. నిజంగా రెండే. పర్లేదు, నొక్కు."

జిలానీ రెండు నొక్కాడు. మంచం పట్టె చప్పుడు ఆగిపోయింది.

ఇక ఆ తర్వాత మిగతా రోజులన్నీ ఆమె నోట రెండూ మూడూ తప్ప ఇంకో నంబరు రాలేదు. గంటగంటకీ జిలానీ వచ్చేవాడు. "ఎంతమ్మా?" "రెండన్నా." పెట్టె ఇంకాస్త పంపేది. "ఇప్పుడు?" "రెండే, పర్లేదు." ఇంకాస్త. నేల మీద కాలు పెడితే పాదాల్లో మేకులు దిగినట్టుండేది. ఒకసారి వణుకు, ఒకసారి సెగ. ఊరికే ఏడుపు తన్నుకొచ్చేది, ఎందుకో తెలియదు. జిలానీ అడుగుల చప్పుడు వినపడగానే కొంగు నోట్లో కుక్కుకుని, పళ్ళతో గట్టిగా కొరికి, తలుపు తెరుచుకునే సరికి మొహం తుడుచుకుని కూర్చునేది.

నాలుగో రోజు జిలానీకి అనుమానం వచ్చింది. "నిజమేనామ్మా? చెమటలు పోస్తున్నాయే నీకు."

"వంటమనిషిని. నాకు చెమటలు కొత్తా?"

ఆయన కాగితం మీద రెండు వేసుకుని పోయాడు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు? మోసే మనిషే రెండంటుంటే కాదు ఏడని వాదించగలడా?

అద్దం అవతల మాలకొండయ్య ఇడ్లీలు తింటున్నాడు. అయిదో రోజు మధ్యాహ్నం వాణ్ణి పట్టీతో పాటే ఇవతలికి పంపారు, అక్కతో కలిసి భోంచెయ్యమని. పప్పు కలుపుకుంటూ, "మీ హాస్టల్ పిల్లల నోళ్ళు ఎట్టా తట్టుకుంటున్నాయక్కా నీ వంట? ఇక్కడ నయం కదే," అని వేళాకోళం చేశాడు. ఆరేళ్ళ తర్వాత వాడి నోట వేళాకోళం! అంకమ్మకి కడుపు నిండిపోయింది. మంచినీళ్ళ గ్లాసు ఎత్తబోయింది. వేళ్ళు మాట వినలేదు. గ్లాసు ఖణేలుమని నేల మీద పడి దొర్లింది. తమ్ముడు వంగి తీశాడు. అక్క వేళ్ళ వంక చూశాడు, చాలాసేపే చూశాడు. గ్లాసు కడిగి, మళ్ళీ నీళ్ళు పోసి ఆమె చేతికిచ్చాడు. మళ్ళీ కంచం ముందు కూర్చుని పప్పన్నం తిన్నాడు.

ఎనిమిదో రోజు పట్టీలు తీసేశారు. డాక్టరు గోడ మీద గీతలు చూపించింది. తమ్ముడి గీత సర్రున కిందికి దిగింది. అక్క గీత రెండుకీ మూడుకీ మధ్య తాడు కట్టినట్టు సాఫీగా ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. "ఎంత చక్కగా మోశారండీ," అని డాక్టరు అంకమ్మ చెయ్యి పట్టుకుంది. ఇంటికెళ్ళేటప్పుడు ముక్కులో కొట్టే మందు డబ్బా ఇచ్చి, ఎలా వాడాలో ఇద్దరికీ నేర్పించారు. "మళ్ళీ ఎప్పుడైనా పడిపోతే ఇదే ప్రాణం. ఎదురుగా కనపడేచోట పెట్టండి," అంది డాక్టరు. అంకమ్మ దాన్ని గుడ్డసంచీలో వేసి వీధి తలుపు వెనక మేకుకి తగిలించింది.

మాలకొండయ్య పాలిషింగ్ యూనిట్లో పనికి కుదిరాడు. వారం వారం కేంద్రానికి పోయి మాట్లాడొచ్చేవాడు. ఆదివారాలు అత్తారింటికి పోయి కూతురితో ఆడుకునేవాడు. అంకమ్మనీ వారం వారం రమ్మన్నారు. రెండు సార్లు వెళ్ళింది. మూడోసారి ఫోన్లోనే, "నాకేమైందమ్మా, బాగానే ఉన్నా," అని చెప్పి పెట్టేసింది.

నెలన్నర తర్వాత ఒక గురువారం. హాస్టల్లో గురువారం గురువారం పిల్లలకి ఐరన్ బిళ్ళలిస్తారు. అన్నాలయ్యాక నూట ఎనభై మంది ఆడపిల్లలు వరసల్లో కూర్చుని అట్టల్లోంచి బిళ్ళలు నొక్కుతున్నారు. టిక్. టిక్ టిక్. గంగాళం తోముతున్న అంకమ్మ చేతులు ఆగిపోయాయి. నోటి నిండా నీళ్ళూరాయి. వెన్ను పొడవునా జలదరించింది. గోడ పట్టుకుని నిలబడింది. టిక్. ఇన్నేళ్ళలో జ్వరం బిళ్ళ తప్ప ఏదీ మింగని మనిషి ఆమె. తమ్ముడి బిళ్ళ ఎట్టా ఉంటుందో నాలుకకి తెలియదు. అయినా ఒంట్లో అణువణువూ దాని కోసమే అడుగుతోంది. రుచి కూడా తెలియని దాని కోసం నోరూరడం ఏంది దేవుడా అని భయంతో వణికిపోయింది.

ఆ రోజు మొదలు. ముక్కు కారేది, జలుబనుకుంది. ఆవులింతలు వచ్చేవి, నిద్ర చాలలేదనుకుంది. కూరలో ఉప్పు మర్చిపోయేది. పిల్లలు రెండోసారి అన్నం అడిగితే కసురుకునేది. మందుల షాపు ముందు నుంచి పోవడం మానేసి చుట్టూ తిరిగి వెళ్ళేది. మరుసటి గురువారం సెలవు పెట్టింది. ఇంట్లో కూర్చున్నా చెవుల్లో అదే టిక్.

మనసు గట్టి చేసుకుంది. తమ్ముడికి రోజూ చెప్పిన మాటే కదా! పళ్ళు బిగబట్టి గట్టి చేసుకుంది, దేవుడికి దణ్ణం పెట్టి గట్టి చేసుకుంది, చెంపలు వాయించుకుని గట్టి చేసుకుంది. తెల్లారేసరికి ఆ మనసే తిరగబడి బిళ్ళ ఎక్కడ దొరుకుతుందా అని దారులు వెతికేది. వాడు తల దించుకుని వింటూ నిలబడ్డ రోజులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏం మాటలన్నాను రా నిన్ను, అని వంటింట్లో ఒంటరిగా కూలబడి ఏడ్చింది. వాడి అట్ట కాలవలో విసిరిన ఈ చేతుల్ని నరికేసుకోవాలనిపించింది.

"ఎట్టున్నావక్కా? చిక్కిపోయావు," అనేవాడు తమ్ముడు అన్నం దగ్గర.

"పర్లేదురా. ఎండలు."

ఇప్పుడిప్పుడే నవ్వుతున్న పిల్లాడు. వాడితో ఏమని చెప్తుంది? నీ జబ్బు నాకొచ్చిందనా?

అటక మీద వాడి పాత క్వారీ హెల్మెట్ ఉంది. జోడుపట్టీకి వెళ్ళే ముందు ఇల్లు దులుపుతుంటే, దాని లోపలి మెత్తలో వాడు దాచిన అట్ట ఒకటి ఆమెకి దొరికింది. పారేద్దామనుకుని, ఎవరో పిలిస్తే మళ్ళీ అక్కడే కుక్కి మర్చిపోయింది. నిజానికి మర్చిపోయిందనే అనుకుంది. ఆ ఆదివారం తమ్ముడు కూతురి దగ్గరికి బయల్దేరి గుమ్మం దాటగానే ఆమె కాళ్ళు వాటంతటవే స్టూలు ఎక్కాయి.

ఒక్కటి చాలనుకుంది. ఒక్కటి వేసుకుని, మిగతావి పొయ్యిలో పారేస్తాననుకుంది. టిక్. ఆ చప్పుడుకే కళ్ళు మూసుకుపోయాయి. ఇంకోటి. అప్పుడు ఆస్పత్రి డాక్టరు చెప్పిన మాట, ఒళ్ళు సంగతీ చెయ్యి సంగతీ, ఎక్కడో దూరంగా వినపడింది. చెయ్యి ఆగలేదు. తమ్ముడి లెక్క దానికి తెలుసు. ఎనిమిది. కోరిక ఆరేళ్ళది, ఒళ్ళు మాత్రం మొదటి రోజుది. నీళ్ళు తాగి గోడకి ఆనుకుంది. ఎముకల్లో మెలితిప్పుడు ఆగింది. వెచ్చగా, తల్లి ఒళ్ళో పడుకున్నట్టు అనిపించింది. అమ్మా, అనుకుంది. తర్వాత ఏమీ లేదు.

ఆపైన జరిగింది తమ్ముడు చెబితేనే ఆమెకి తెలిసింది. కూతురికి కొన్న గౌను మంచం మీదే మర్చిపోయి, బస్టాపు నుంచి వెనక్కొచ్చాడట. తలుపు తీయగానే గోడ వార అక్క. పెదాలు నీలం. గొంతులో గురగుర. పక్కన రెండే బిళ్ళలు మిగిలిన అట్ట. ఆ అట్ట వాడిదే. దాన్ని చూడగానే చెయ్యి దాని వైపు పోయిందట వాడికి, ఒక్క లిప్తపాటు, అక్క అట్టా పడుండగానే.  కాలితో అట్టని దూరంగా తన్ని, తలుపు వెనక సంచీ లాగి, తల వెనక్కి వాల్చి ముక్కులో మందు కొట్టాడు. ఊపిరి రాలేదు. నోట్లో నోరు పెట్టి గాలి ఊదాడు. రెండోసారి కొట్టాడు. అప్పుడు ఒక్క ఊపిరి, పెద్దగా, నీళ్ళలో మునిగినవాళ్ళు పైకి తేలినట్టు.

ఆస్పత్రిలో నాలుగు రోజులుంచుకుని, కేంద్రానికి తీసుకొచ్చారు. హైమవతి డాక్టరు బల్ల మీద జోడుపట్టీ పెట్టె ఉంది. వైర్లు పీకేసి, మూత మీద సీలు వేసేశారు. డాక్టరు మొహం మీద పదేళ్ళ వయసు పైబడినట్టుంది.

"పెట్టె ఎంత పంపిందో పెట్టెలోనే ఉంది," అందావిడ. "నేను మీ నంబర్లు చూసి మురిసిపోయాను గానీ ఇది తెరిచి చూడలేదు. రెండో రోజు నుంచి మీ తమ్ముడి బాధ నూటికి తొంభై వంతులు మీరే మోశారు. ఎనిమిది రోజులు. మీ బుర్ర ఆ బాధని తనదే అనుకుంది. దానికి మందేంటో తనే వెతుక్కుంది."

"నన్నెవరూ మోసం చెయ్యలేదమ్మా," అంది అంకమ్మ. "నేను చెప్పిందే మీరు రాసుకున్నారు. నాకు కోపమేం లేదు. పర్లేదు."

డాక్టరు ఒక్కసారిగా బల్ల మీద అరచేత్తో కొట్టింది. "ఆ మాట అనకండి! దయచేసి అనకండి అంకమ్మగారూ. మా అమ్మ పేగుల్లో పుండుతో మూడు నెలలు తీసుకు తీసుకు పోయింది. చివరి రోజు దాకా ఎట్టా ఉందమ్మా అంటే పర్లేదనే చెప్పింది. ఆ కడుపున పుట్టి, డాక్టరు చదివి, ఆడవాళ్ళు చెప్పే నంబరు మీద ఒక యంత్రం నడిపాను. పదకొండు జంటలకి ఈ పట్టీలు చుట్టాను. మోసినవాళ్ళలో తొమ్మిది మంది ఆడవాళ్ళే, తల్లులు, పెళ్ళాలు, అక్కచెల్లెళ్ళు. తొమ్మిది మందివీ రెండు, మూడు. అంతా రెండు, మూడు." గొంతు తగ్గింది. "ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాను. ఇద్దరు ఎత్తట్లేదు. మనుషుల్ని పంపించాను."

 బయట బైపాస్ మీద లారీ ఒకటి గేరు మార్చి పోయింది.

మాలకొండయ్య అక్క కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు. "నాకు తెలుసక్కా," అన్నాడు.

"ఏందిరా?"

"ఆ రోజు గ్లాసు జారిపోయినప్పుడే తెలుసు. ఆ వణుకు నాది. ఆరేళ్ళు మోసినోణ్ణి, నేను గుర్తుపట్టనా? రెండంటే ఇట్టా వణకదని నాకు తెలుసు. చెప్తే మళ్ళీ నాకొచ్చి పడుతుంది. అది మాత్రం తట్టుకోలేననిపించింది. నువ్వేమైపోయినా సరే, నాకు ఆ హాయి కావాలనిపించింది. నోరు మూసుకుని అన్నం తిన్నా." వెక్కి వెక్కి ఏడ్చాడు. "నన్ను క్షమించొద్దు అక్కా."

అంకమ్మ నోటికి ఒక మాట వచ్చింది. అలవాటైన మాటే. పెదాల దాకా వచ్చినదాన్ని మింగేసింది. మొదటిసారి తమ్ముడి మీద కోపం వచ్చింది, కళ్ళు ఎర్రబడేంత కోపం. "తెలిసి కూడా ఎట్టా తిన్నావురా?" అంది. అని, వాడి తల మీద చెయ్యి వేసింది. కోపం పోలేదు, అయినా చెయ్యి తీయలేదు.

మందు మొదలుపెట్టారు. నాలుక కింద బిళ్ళ, అదే జాతి. ఆమె ఒంటికి సరిపడేలా అతి తక్కువతో మొదలు. రోజూ పొద్దున రావాలి, ఎదురుగా పెట్టుకోవాలి, కరిగేదాకా కూర్చోవాలి. ఎన్నాళ్ళని అడిగితే డాక్టరు ఈసారి తేలిగ్గా చెప్పలేదు. ఏడాదో, రెండేళ్ళో, అవసరమైతే అంతకు మించో. దారిలో జారితే మళ్ళీ మొదలు, సిగ్గుపడే పని లేదంది. బిళ్ళ చేతిలో పట్టుకుని అంకమ్మ చాలాసేపు చూసింది. కాలవలో తేలిపోయినవి గుర్తొచ్చాయి.

"మత్తు కాదక్కా, మందు," అన్నాడు మాలకొండయ్య. తనూ అదే మందు మళ్ళీ తీసుకోవడం మొదలుపెట్టాడు. అట్ట వైపు చెయ్యి పోయిన సంగతి చెప్పాక, డాక్టరే మళ్ళీ మొదలుపెడదామంది. "కరిగేదాకా మాట్లాడకు. మింగొద్దు. నోరంతా చేదుగా ఉంటది. కరగనీ."

పెట్టుకుంది. చేదు. పక్కపక్కనే బెంచీ మీద కూర్చున్నారు, నోళ్ళు మూసుకుని, అక్కా తమ్ముడూ.

కరిగాక జిలానీ కాగితాల అట్ట పట్టుకుని వచ్చాడు. యంత్రం లేకపోయినా అడగడం ఆగలేదు, మందు ఎంత పెంచాలో దీన్ని బట్టే చూస్తారు. ఆయన ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు. కాగితం వంకే చూస్తూ అడిగాడు. "ఎంతమ్మా ఇవాళ? సున్నా నుంచి పదిలో?"

అంకమ్మకి ఒళ్ళంతా నొప్పులు పుడుతున్నాయి. వేళ్ళు కొంగుని మెలిపెడుతున్నాయి. పర్లేదన్న మాట గొంతులో సిద్ధంగా ఉంది, పన్నెండో ఏట నుంచీ సిద్ధంగా ఉన్న మాట. ఎదురుగా జిలానీ, పక్కన తమ్ముడు, తలుపు దగ్గర నిలబడ్డ డాక్టరు. 

"తొమ్మిది," అంది.

జిలానీ తలెత్తాడు. వినపడనట్టు, "మళ్ళీ చెప్పమ్మా," అన్నాడు.

"తొమ్మిదన్నా. భరించలేకపోతున్నా." చెప్పి, రెండు చేతుల్తో మొహం కప్పుకుని, హాస్టల్ పిల్లల్లా బావురుమంది.

జిలానీ కాగితం మీద తొమ్మిది వేశాడు. మాలకొండయ్య బెంచీ మీద దగ్గరికి జరిగి అక్క తలని తన భుజం మీదికి లాక్కున్నాడు. తొమ్మిదంటే ఎంతో ఆ గదిలో తెలిసినవాడు వాడొక్కడే.